దొరల తోటకి నీళ్లు పోసిన అత్త

మా మేనత్త పోయింది. కబురు వచ్చేసరికి నేను అన్నూరు దగ్గర బట్టల కంపెనీలో చెకింగ్ టేబుల్ ముందు నిలబడి ఉన్నాను. ఫోన్‌లో మా చిన్నాయన "అక్క పోయింది, బయల్దేరు" అని పెట్టేశాడు. సూపర్వైజర్‌తో చెప్పి, బస్సెక్కి, కిటికీకి తల ఆనించాను. ఏడుపు రాలేదు. ఆ వారమంతా రెండేసి షిఫ్టులు చేసి ఉన్నాను, నిజం చెప్పాలంటే ఏడవడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. అత్తే ఉంటే, "మొదట అన్నం తిను అమ్మణి, ఏడుపు యాడికీ పోదు" అని కసిరి ఉండేది.

కోయంబత్తూరు పొలిమేరలో, మూతబడ్డ మిల్లు గోడకీ కొత్త అపార్ట్‌మెంట్లకీ మధ్య పచ్చటి గడ్డి, అందులో వరసలు వరసలుగా తెల్లరాళ్లు కనబడతాయి. ఆ దారిన మీరు బస్సులో పోయి ఉంటే చూసే ఉంటారు. మావాళ్లు దాన్ని దొరల తోట అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నాడు పోయిన సిపాయిల సమాధులవి. అప్పట్లో అక్కడ విమానాల మైదానం, దాని పక్కన డేరాల్లో పట్టాళం ఆస్పత్రి ఉండేవట. గుంటలు తవ్వింది మా అత్తకి మామగారైన ఆయనే. తుపాకి దెబ్బలకన్నా జ్వరాలకీ విరేచనాలకీ పోయినవాళ్లే ఎక్కువని ఆయన చెప్పేవాడట. మొదట్లో కొయ్య శిలువలే. యుద్ధం అయిపోయాక, చుట్టుపక్కల ఎక్కడెక్కడో పాతినవాళ్లను కూడా తీసుకొచ్చి ఇక్కడ చేర్చి, ఈ రాళ్లు నిలబెట్టారు. మన దేశపు పేర్లున్న రాళ్లూ ఉన్నాయి. ఒక మూల పేరే తెలియని సిపాయి రాయి ఒకటుంది. ఆయన తర్వాత ఆయన కొడుకు, అంటే మా మామ, గడ్డి కోశాడు. మామ పోయాక ఆ పని అత్తకి వచ్చింది.

ఇక్కడొక చిక్కుంది. మావాళ్లలో ఆడవాళ్లు శ్మశానంలోకి పోరు. శవం వెంట వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిరగాలి. మరి అత్త పగలంతా సమాధుల మధ్యే కదా అంటే, "అది తోట" అనేవాడు చిన్నాయన. ఆ మాట మొదట పుట్టించింది ఆయనే. ఇంట్లో అందరికీ నచ్చింది, ఎందుకంటే ఆ ఉద్యోగం లేకపోతే ఇల్లు గడవదు. అత్త మాత్రం సాయంత్రం రాగానే వాకిట్లోనే కాళ్లు కడుక్కుని, నెత్తిన నీళ్లు పోసుకున్నాకే లోపలికి వచ్చేది. తోట నుంచి వచ్చి ఈ స్నానం ఏమిటత్తా అని నేను ఆటపట్టిస్తే, మీ చిన్నాయన్ని అడుగు పో అనేది.

మాకు మూడో రోజు పాలు పోయడం ముఖ్యం. పాతిన చోట కొడుకు పాలు పోస్తేనే పోయినవాళ్ల దాహం తీరుతుందంటారు. పనిలో చేరిన కొత్తలో అత్తకి అదే దిగులు పట్టుకుంది. మీసాలు కూడా సరిగా రాని పిల్లలు, ఎక్కడో సముద్రాల అవతల తల్లులు. వీళ్లకి ఎవరు పోసి ఉంటారు? ఉండబట్టలేక ఒకరోజు బిందెడు పాలు మోసుకెళ్లి ప్రతి రాయి మీదా ఇన్ని పోసింది. మధ్యాహ్నానికి తోటంతా చీమలు. ఎండకి పాలు విరిగి తెల్లరాళ్ల మీద చారలు కట్టాయి. ఆ మర్నాడే పై ఆఫీసరు తనిఖీకి రావాలా! రాళ్లన్నీ సబ్బునీళ్లతో అత్త చేతే కడిగించాడు. ఇంకోసారి ఇలా చేస్తే పని ఉండదన్నాడు.

"పాలు రూల్లో లేవంట. నీళ్లు పొయ్యి, అదే నీ పని అన్నాడు. సరే, నీళ్లే పోస్తా" అంది అత్త ఇంటికొచ్చి.

ఆ రోజు నుంచీ రోజూ పొద్దున పూవాళి నింపుకొనేది. మూతికి చిల్లులున్న తగరపు డబ్బాను మేం పూవాళి అంటాం. పేరు లేని రాయి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రాయి మొదట్లో ఉన్న మొక్కకి పోస్తూ, "తాగు సామీ, పాలే అనుకో" అని గొణుక్కునేది. సెలవల్లో అన్నం క్యారియర్ ఇవ్వడానికి పోయినప్పుడు నా చెవులతో విన్నాను. చూసేవాళ్లకి తోటమాలి నీళ్లు పోస్తున్నట్టే ఉండేది.

ఒకసారి ఏదో దేశం నుంచి ముసలి దొరసాని ఒకామె వచ్చింది. వాళ్లన్నదో ఎవరిదో రాయి ముందు నిలబడి, చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక పిసుక్కుంటూ ఉంది. ఆమె మాట అత్తకి రాదు. అత్త పోయి పూవాళి ఆమె చేతికిచ్చి, మొక్క చూపించింది. ఆమె పోసింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసి, గడ్డి మీద కూలబడి ఏడ్చింది. పావం, అంత దూరం దానికోసరమే వచ్చినట్టుంది అని ఆ సంగతి అత్త మాకు ఎన్నిసార్లు చెప్పిందో!

అత్తకి పిల్లలు లేరు. కిందటేడు షుగరుతో కాళ్లు వాచి మంచాన పడ్డప్పుడు, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాకు నువ్వే పొయ్యాల అమ్మణి. తమ్ముని కొడుకు ఉండాడు, వాడు పోస్తాడులే. అయినా నువ్వే పొయ్యాల."

ఆడవాళ్లని రానివ్వరు కదా అన్నాను.

"ఇంతమంది మగపిల్లోళ్లకి ఆడదాని చెయ్యే పోసింది. ఒక్కడన్నా లేచి ఒద్దన్నాడా?"

ఇద్దరం నవ్వాం. సరే అన్నాను. ఆ మాటే ఇప్పుడు బస్సులో వస్తుంటే దారి పొడుగునా నన్ను తినేసింది. చిన్నాయనతో ఏమనాలో, ఆయన ఏమంటాడో, దానికి నేనేమనాలో అంతా అల్లుకున్నాను. మట్టి చేసిన రోజు మాత్రం అందరు ఆడవాళ్లలాగే వీధి చివర నుంచి వెనక్కి వచ్చేశాను. ఆ వెనక్కి నడిచిన నడకకే బాగా అలిసిపోయాను.

మూడో రోజు పొద్దున మగవాళ్లు పాల చెంబుతో బయల్దేరారు. నేను వెనకే నడిచాను. మా శ్మశానంలో రాళ్లుండవు. రోడ్డు వెడల్పుకి సగం పోయింది, మిగిలిన సగంలో ఒకరి మీద ఒకర్ని పాతుతారు. గేటు దగ్గర చిన్నాయన ఆగి నన్ను చూశాడు.

"నువ్వు ఇక్కడే నిలు అమ్మణి."

బస్సులో అల్లుకున్నదంతా ఏమైపోయిందో. పోట్లాడే శక్తి లేదు.

"అత్త నన్ను అడిగింది చిన్నాయనా. పొయ్యకుండా ఇంటికి పోలేను" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆయన తన కొడుకు చేతిలోంచి చెంబు తీసుకుని నా చేతిలో పెట్టాడు.

"ఇది కూడా తోటే అనుకో. రా."

గుర్తుకి తలవైపు ఒక ఇటుక పెట్టి ఉంది. "తాగత్తా, పాలే" అంటూ పోశాను. ఎండిన మట్టి కొంత పీల్చుకుంది, కొంత ఇటుక చుట్టూ నిలిచింది. మేమింకా అక్కడ ఉండగానే చీమలు వచ్చాయి. చిన్నాయన తువ్వాలుతో దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇటుక మీద తెల్లటి చార వెంట అవి బారు కట్టాయి. కడిగెయ్యమనడానికి అక్కడ ఏ ఆఫీసరూ లేడు.