బల్ల మీద నాలుగు పేర్లు

ఆమె ఇస్త్రీ దుకాణంలో పనిచేసేది. పెళ్లి ఆలస్యంగా అయింది. అయినప్పుడు భర్తతోపాటు ఇద్దరు పిల్లలూ వచ్చారు. ఆయన బస్సు డ్రైవరు. మొదటి భార్య జబ్బుచేసి పోయింది. బుడ్డోడు వారం తిరక్కుండానే "పిన్నీ" అంటూ ఆమె వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు. పెద్దమ్మాయి మాత్రం ఆమెను ఏ పిలుపుతోనూ పిలిచేది కాదు. "ఆకలేస్తోంది" అని గోడకు చెప్పి ఊరుకునేది.

వేసవి సెలవులు మొదలైన రోజు భోజనాల బల్లను ముస్తాబు చేసుకుని అందరూ కలిసి భోంచెయ్యడం ఆ ఇంటి అలవాటు. ఆ పని ఎప్పుడూ వాళ్లమ్మే చేయించేదట. ఈసారి ఈమె దుకాణానికి సెలవు పెట్టి, పాత క్యాలెండర్లు, టిష్యూ కాగితాలు, బిస్కెట్ల అట్టపెట్టెలు పోగేసి పిల్లలను కూర్చోబెట్టింది. చొక్కాను కళ్లు మూసుకుని మడతపెట్టే చేతులకు టిష్యూ పువ్వు లొంగలేదు.

"పిన్నీ, ఇది పువ్వా, క్యాబేజీనా?" అన్నాడు బుడ్డోడు.

"క్యాబేజీ పువ్వురా" అందామె. వాడు పడీపడీ నవ్వాడు. పెద్దమ్మాయి తలెత్తలేదు. ఆ పిల్ల అట్టముక్కలను గుడారంలా మడిచి, కంచాల ముందు పెట్టడానికి పేర్ల చీటీలు చేస్తోంది. నాన్నకు నీలం, తమ్ముడికి ఆకుపచ్చ, తనకు ఎరుపు. నాలుగో చీటీ మీద 'అమ్మ' అని రాసి, రంగుపెన్సిళ్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"అమ్మకి ఏ రంగిష్టం?" అని ఉన్నట్టుండి ఆమెనే అడిగింది.

"నాకు తెలీదు తల్లీ."

"మరి నీకేం తెలుసు?"

ఆయన డ్యూటీ దిగి రాగానే ఆ పిల్ల అదే ప్రశ్న అడిగింది. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ చాలాసేపు ఆలోచించాడు.

"అన్నీ ఇష్టమేనమ్మా" అన్నాడు చివరికి. ఆయనకూ తెలియదని ఆ పిల్లకు అర్థమైపోయింది. చీటీని రంగు వెయ్యకుండానే ఓ కంచం ముందు పెట్టింది.

ఆ ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. నాలుగోది ఆ చీటీ ముందు ఖాళీగా ఉండిపోయింది. ఆమె వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని బల్ల మూలన కూర్చుంది.

"పిన్ని చీటీ ఏదక్కా?" అన్నాడు బుడ్డోడు.

"అట్ట అయిపోయింది."

కత్తిరించని అట్టపెట్టెలు కిటికీ దగ్గర అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ఆయన మొహం ఎర్రబడింది. "ఏంటే ఆ మాటలు?" అని గొంతు పెంచాడు.

"నిజమేనండి, అయిపోయింది. అన్నం చల్లారిపోతుంది, తినండి" అందామె గబగబా.

తిని, ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె పిల్లల కోసం పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కంచాలు తీసింది. పెద్దమ్మాయి మూడు చీటీలు ఏరుకుంది. తెల్లది మాత్రం ముట్టుకోలేదు. పారేస్తే తప్పు, దాచిపెడితే ఇంకేం తప్పో! ఆమెకు ఏమీ పాలుపోలేదు.

"దీన్ని ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"నాకు తెలీదు" అంది పిల్ల. "నాకేమీ గుర్తు రావట్లేదు. అమ్మ గొంతు కూడా." అంటూనే నేలమీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆమె తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. దగ్గరికి తీసుకుంటే విదిలించుకుంటుందేమోనని భయం. వదిలేసి వెళ్లడానికి కాళ్లు రాలేదు. చివరికి చేయి చాపితే అందేంత దూరంలో తనూ కూలబడింది. పిల్ల దగ్గరికి జరగలేదు, దూరమూ జరగలేదు.

"పిన్నీ, పాలు పొంగిపోతున్నాయ్!" అని వంటింట్లోంచి బుడ్డోడు అరిచాడు.

ఆమె లేవలేదు.