పైపు తొడిగి బిగించిన చక్రం

మంచు కొండల్లోని ఆ సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్టోబరు మొదటి వారం. పదమూడు వేల అడుగుల ఎత్తు. మా ఊరు ఆస్పరి ఎండల్లో పెరిగినవాణ్ణి, నాలుగడుగులు వేయగానే ఆయాసం వచ్చి రాతి మీద కూలబడ్డాను. కిట్‌లో రెండు జతల ఉన్ని మేజోళ్ళు, స్లీపింగ్ బ్యాగు, పానాల పెట్టె. నా పని మూడు ట్రక్కుల మరమ్మతు.

ఆదోనిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సిపాయిగా చేరానని వర్క్‌షాపు హవల్దారు నన్ను "ఇంజనీరు సాబ్" అని ఆటపట్టించేవాడు. ఆ డిగ్రీ మీద నాకూ పెద్ద గౌరవం లేదు. ల్యాబు రికార్డు పక్కవాడిది చూసి రాసినవాణ్ణే. చేతి పని నేర్చుకున్నది సెలవుల్లో పత్తి జిన్నింగు మిల్లులో. అక్కడ బోల్టు బిగించాలంటే పానాకు రెండడుగుల ఇనుప పైపు తొడిగి, దాని మీద ఒళ్ళంతా మోపేవాళ్ళం. ఎంత బిగిస్తే అంత భద్రమని మా నమ్మకం.

పన్నెండో రోజు ఉదయం ఏడింటికి, సెలవు మీద ఇళ్ళకు పోయేవాళ్ళ ట్రక్కుకు వెనక ఎడమ చక్రం మార్చాను. చలి మైనస్ ఆరు. బిగింపు కొలిచే పానా పెట్టెలోనే ఉంది, దాని గ్రీజు కాగితం కూడా నేను విప్పలేదు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పైపు తొడిగి బిగించేశాను. ఎనిమిదింటికి పదకొండు మందితో ట్రక్కు కిందికి బయలుదేరింది.

ఎనిమిదిన్నరకు ఇంకో ట్రక్కు చక్రం విప్పుతున్నాను. వారం కిందట దాన్నీ అలాగే బిగించింది నేనే. ఒక నట్టు సగం వచ్చి పట్టేసింది. బలవంతంగా తీసి చూస్తే బోల్టు సాగి, నడుమ సన్నబడి ఉంది. కాలేజీ ల్యాబులో ఇనుప కడ్డీని యంత్రంతో లాగినప్పుడు, తెగే ముందు సరిగ్గా ఇలాగే సన్నబడింది. ఆ రోజు బొమ్మ కాపీ కొట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఈ రోజు ఎనిమిదింటికి వెళ్ళిన ట్రక్కు గుర్తొచ్చింది.

హవల్దారుకు చూపించాను.

"ఇరవై ఏళ్ళుగా ఇలాగే బిగిస్తున్నాం," అన్నాడు. "ట్రక్కు ఆపాలంటే కారణం రాసివ్వాలి. తప్పు నీదేనని రాస్తావా?"

"రాస్తాను సాబ్."

తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయం. కాగితం అందేలోపే ట్రక్కు లోయలో పడిపోతుందని అంతకన్నా భయం.

బంకరులో రేడియో ఆపరేటరు ఎమ్మిగనూరువాడు. ట్రక్కు డ్రైవరును పిలిచాడు, మళ్ళీ పిలిచాడు.

"పలకల్యాదప్పా. కొండ అడ్డమొచ్చినట్టుంది."

"ఇంకోసారి పిలువన్నా."

"పిలుస్తానే ఉండా. నువ్వు అట్ల నిలబడొద్దు, నాకూ బయమైతాంది. కూసో."

పంతొమ్మిది నిమిషాలు. ఆ పదకొండు మంది పేర్లూ వరసగా చెప్పుకుంటూ కూర్చున్నాను. ఎనిమిదో పేరు ఎంతకీ గుర్తు రాలేదు. తొమ్మిది పన్నెండుకు డ్రైవరు పలికాడు.

"ఆపినాడంట," అన్నాడు ఆపరేటరు. "దిగి సూస్తే సక్రం ఊగుతాందంట."

కొత్త బోల్టులు తీసుకొని జీపులో బయలుదేరాను. ఆ చక్రానికి ఉన్న పది బోల్టుల్లో నాలుగు తెగిపోయి ఉన్నాయి. శిక్షగా నా సర్వీసు రికార్డులో ఎర్ర సిరా రాత పడింది. ఆ పోస్టులో మిగిలిన పదిహేడు నెలలూ ప్రతి నట్టునూ కొలిచే బిగించాను.

సర్వీసు ముగించుకొని ఆదోనికి వచ్చేశాను. ఎమ్మిగనూరు నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు అడుగుతుంటారు, "మెకానికల్ సదివితే ఏమొస్తాదన్నా?" అని. ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. నాకు మాత్రం భయం వచ్చింది. ఏది ఎక్కడ తెగుతుందో తెలిసినవాడి భయం. అది ఇంకా పోలేదు.

ఆ రోజు జీపు ట్రక్కు ఆగిన మలుపు చేరేసరికి పది మంది రోడ్డు మీద నిలబడి బీడీలు కాలుస్తున్నారు. పదకొండోవాడు మా వంటవాడు. తలనొప్పికి మాత్ర మింగి, ట్రక్కు వెనక, సరిగ్గా ఆ చక్రానికి పైభాగంలో పడుకొని నిద్రపోతున్నాడు. అతన్ని ఎవరూ లేపలేదు. ఉన్ని గ్లౌజు తొడిగిన అతని చేయి టార్పాలిన్ కింద నుంచి బయటికి వేలాడుతోంది. దాని కింద రోడ్డు లేదు, లోయే.