చివరి ఇంటి పెరట్లో పొన్నగంటి కూర

నా చిన్నప్పుడు ఒక ఏడు కృష్ణ పొంగి, భవానీపురంలో మా పల్లపు వీధిలోకి వచ్చింది. వరద తీశాక అందరం ఇళ్లు కడుక్కుని తిరిగొచ్చాం, చివరి ఇంటివాళ్లు తప్ప. ఆ ఇంటి భార్యాభర్తలిద్దరూ కొట్టుకుపోయారని చెప్పుకునేవారు. తలుపులు మూసే ఉండేవి. పెరట్లో పేరుకున్న ఒండ్రుమట్టిలో మాత్రం ఎవరూ నాటని పొన్నగంటి కూర మోకాలెత్తు పెరిగింది.

ఒకరోజు మధ్యాహ్నం మా నాయనమ్మ కూర కోసుకురమ్మని నన్ను కాలవగట్టుకి పంపింది. అక్కడిదంతా గేదెలు మేసేశాయి. ఉత్త చేతులతో వెళ్లలేక, కూలిన గోడ దాటి ఆ పెరట్లోకి దిగాను. బయట అంత ఎండగా ఉన్నా అక్కడ చల్లగా ఉంది. పిట్ట అరుపు కూడా లేదు. వంగి చూస్తే కిటికీ పక్కనున్న కొమ్మలకి చివర్లు లేవు. ఎవరో గోటితో గిల్లినట్టున్నాయి. గిల్లినచోట ఇంకా తడి ఆరలేదు.

ఒళ్లు జలదరించి, తొందరలో ఒక మొక్కని వేళ్లతో సహా లాగాను.

"పీకకమ్మా. చివర్లు గిల్లుకో. మళ్లీ చిగురేస్తది," అంది మూసిన కిటికీ వెనకనుంచి ఒక గొంతు.

ఇంటికెలా చేరానో తెలియదు. మొక్క పిడికిట్లోనే ఉంది. సాయంత్రానికి జ్వరం. జరిగిందంతా చెప్పాను. దిష్టి తీస్తుందనుకుంటే, నాయనమ్మ ఆ గొంతెలా ఉందని అడిగింది. నీరసంగా ఉందన్నాను.

జ్వరం తగ్గాక, క్యారేజీ పట్టుకుని నాయనమ్మ నన్ను అక్కడికే తీసుకెళ్లింది. ఆమె క్యారేజీ కిటికీ గట్టుమీద పెట్టి, పొరుగావిడతో మాట్లాడినట్టే అంది: "ఏవండీ, మా పిల్ల మీ కూర కోసింది. ఊరికే తీసుకుంటే బాగోదని పప్పన్నం తెచ్చానండీ. రేపు కూడా కాస్త కూర కావాలి."

ఎంతసేపటికీ ఏదీ కదల్లేదు. తర్వాత కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది. ఎముకలమీద తోలు తప్ప ఏమీ లేని చెయ్యి ఒకటి వచ్చి క్యారేజీని లోపలికి లాక్కుంది. నేను నాయనమ్మ చీర పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"పోయింది ఆయనొక్కడేనే. ఆవిడ బతికే ఉంది," అంది నాయనమ్మ దారిలో. "ఒకళ్లని అడిగే మనిషి కాదు. జాలిపడి పెట్టామనుకుంటే ఆ కిటికీ కూడా తియ్యదు."

ఆ మర్నాటినుంచి రోజూ క్యారేజీ పెట్టి, కిటికీలో ఉంచిన కూరకట్ట తెచ్చేదాన్ని. రెండు నెలలు మా ఇంట్లో పొన్నగంటి పప్పే. నాన్న విసుక్కున్నా నాయనమ్మ మాన్పించలేదు.

ఒక మధ్యాహ్నం ఆ ఇంటి తలుపు తెరిచి ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి రెండు చేతులతో కట్ట అందించింది. మనిషి కళ్లు అంత లోతుకి పోవడం అంతకుముందెప్పుడూ చూడలేదు. భయపడుతూనే, "థాంక్సండీ," అన్నాను. ఆవిడ తలూపింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సొస్తే, వాళ్లని నేను అడిగి పుచ్చుకోదగ్గది ఏముందా అని ముందు వెతుకుతాను. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. దొరికాకే చెయ్యి చాస్తాను.