రిజ్వానా సిద్ధాంతం

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్లే రిజ్వానా, బస్సు కిటికీ మీది దుమ్ములో రోజూ వేలితో బాణాలు గీస్తుంటుంది. ఒక బాణం ఆగినచోట మొదలయ్యే బాణాన్నే దానికి కలపాలి; ప్రతి బాణానికీ వెనక్కి తిరిగొచ్చే బాణం ఉండాలి. గణితంలో ఆ అల్లికను గ్రూపాయిడ్ అంటారు. వాటి నుంచి పుట్టే ఆపరేటర్ ఆల్జీబ్రాలనే బీజగణిత నిర్మాణాలు స్ఫటికాలను పరిశోధించే భౌతికశాస్త్రవేత్తలకూ కావాలి. ఆ ఆల్జీబ్రాల గురించి తాను నమ్మిన ఒక సిద్ధాంతానికి రుజువు మాత్రం ఏళ్లుగా ఆమెకు చిక్కలేదు.

ఆ పొద్దు పత్తి చేల మధ్య బస్సు పోతుండగా ఆమె వేలు ఆగింది. దిగ్గున లేచి "వచ్చేసింది!" అని అరిచింది. "యాడొచ్చింది మేడం? జమ్మలమడుగు ఇంకా శానా దూరముంది, కూచోండి," అన్నాడు కండక్టర్ ఓబులేసు. "ఊరు కాదప్పా, లెక్కొచ్చింది!" కాలేజీ చేరగానే తన పీహెచ్‌డీ గైడుకు ఫోన్లో రుజువంతా వినిపించింది. "ఎక్కడా తప్పు లేదమ్మా," అన్నాడాయన. ఇన్నేళ్లూ ఇతరుల సిద్ధాంతాలే రాసిన బోర్డు మీద ఆమె తన సిద్ధాంతం రాసి, పెద్ద అక్షరాలతో తన పేరు పెట్టింది.