మూడు గుప్పెళ్ళ దాణా

మా పెద్దమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గుప్పెడు గురించి చెప్పాలి. దాణా బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసిందంటే అరవై గ్రాములు. ఎండలో తీసినా అరవయ్యే, చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు తీసినా అరవయ్యే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళెవరూ ఈ మాట నమ్మేవాళ్ళు కాదు. కాటా తెచ్చి తూయించేవాళ్ళు. గ్రాము తేడా వస్తే కాటా చెడిపోయిందని తేల్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అందుకే అందరూ ఆవిణ్ణి గుప్పెడమ్మ అన్నారు. మా అమ్మకి సొంత అక్క కాబట్టి నాకు పెద్దమ్మ. మెచ్చుకోవడంలో నేనేమైనా ఎక్కువ చేశాననిపిస్తే అనుకోండి, నాకేం బాధ లేదు.

ఆవిడ గొర్రెల పరిశోధన కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు దాణా పెట్టింది. రేకుల షెడ్డు, సిమెంటు నేల, మధ్యలో నడవ. నడవకి అటు పన్నెండు అరలు, ఇటు పన్నెండు. ఒక్కో అరలో ఒక్కో గొర్రెపిల్ల, దాని ముందు నంబరు వేసిన తొట్టి. పొద్దున్నే రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ పెద్దమ్మ వచ్చేది. ఆ చప్పుడు వినబడగానే ఇరవై నాలుగు పిల్లలూ లేచి, తొట్ల మీదికి మెడలు చాచి ఒకటే అరుపు. ఆవిడేమో తొందరపడేది కాదు. ముందు రోజు తొట్లలో మిగిలింది చీపురుతో ఊడ్చి, తూచి, రాసి, ఆ తర్వాతే కొత్త దాణా పోసేది. మొక్కజొన్న రవ్వ, వేరుశనగ చెక్క, తవుడు, కాస్త ఉప్పు, అన్నీ తనే కలిపేది. సోమవారం సోమవారం నీళ్ళు తాగకముందే పిల్లల్ని కాటా ఎక్కించేది. కడుపులో నీళ్ళుంటే బరువు కాదు, బడాయి అనేది.

అదే ఆవరణలో అటు చివర మాంసం గదిలో నా ఉద్యోగం. పరీక్ష పూర్తయ్యాక కోసిన పిల్ల నా బల్ల మీదికి వస్తుంది. కండ వేరు, కొవ్వు వేరు, ఎముక వేరు చేసి తూచడం నా పని. తిండి ఆవిడ పెట్టేది, ఆ తిండి ఒంట్లో ఏమైందో నేను తేల్చేదాన్ని. ఇందులో నాకు చిన్నతనం తెప్పించే సంగతొకటుంది. నేను కత్తులతో, కాటాలతో పూటంతా తంటాలు పడి తేల్చేది, పెద్దమ్మ పిల్ల నడుం మీద నాలుగు వేళ్ళు పెట్టి ముందే చెప్పేసేది. "ఇది కండే. అది చూడు, బరువు బాగానే ఉంది గానీ అంతా కొవ్వు" అనేది. నేను కోసి చూస్తే అంతే ఉండేది. కొన్నాళ్ళు ఒళ్ళు మండింది. తర్వాత అలవాటైపోయింది.

ఇంట్లో మాత్రం కొలతా లేదు, పాడూ లేదు. వడ్డించిన కొద్దీ తినే మా పెదనాన్నకి బొజ్జ గుమ్మడికాయంత అయింది. ఒకసారి ఆయన నడుం మీద కూడా నాలుగు వేళ్ళు పెట్టి చూసి, "ఇక్కడ కండన్నది లేదు" అని తేల్చింది. మర్నాటినుంచి కంచంలో సగమే వడ్డించింది. "గొర్రెపిల్లగా పుట్టినా బాగుండేది, కనీసం మిగిలిందెంతో అడిగేదానివి" అన్నాడాయన. "మీరు మిగిల్చిందెప్పుడు?" అంది పెద్దమ్మ.

షెడ్డులో జరిగిన అసలు కథ కూడా సగం తిండి దగ్గరే మొదలైంది. మా కేంద్రంలో డాక్టరమ్మ ఒకావిడ ఉండేవారు, నాకంటే రెండేళ్ళు చిన్న. పాలు మాన్పించిన పిల్లలకి ఆరు వారాలు తిండి తగ్గించి, ఆ తర్వాత కడుపునిండా పెడితే ఏమవుతుంది? వెనకబడ్డ ఎదుగుదల తిరిగొస్తుందా? వస్తే కండగా వస్తుందా, కొవ్వుగా వస్తుందా? ఇదీ ఆవిడ ప్రశ్న. ఎండలు ముదిరి మేత దొరకని రోజుల్లో మందలవాళ్ళందరికీ పనికొచ్చే ప్రశ్న. మొదటి వరుస పన్నెండింటికీ మొదటినుంచీ నిండు దాణా. రెండో వరుసకి ఆరు వారాలు సగం, ఆ పైన పది వారాలు నిండుగా. "ఆ సగం మీ చేత్తోనే పెట్టాలమ్మా. ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదు" అన్నారు డాక్టరమ్మ.

ఆ ఆరు వారాలూ పెద్దమ్మ ముఖం చూడలేకపోయాం. రెండో వరుస పిల్లలు ఐదు నిమిషాల్లో తొట్టి నాకేసి ఆవిడ వంకే చూసేవి. ఎదురుగా మొదటి వరుసవి తీరిగ్గా నములుతూ ఉండేవి. "ఆకలన్నది వాటికి తెలుసు, పరీక్షన్నది తెలియదు కదే" అంది ఒకరోజు నాతో. అయినా కాటా మీద తూచి, సగమే పోసేది. పోసి, వెనక్కి చూడకుండా బయటికి వచ్చేసేది.

ఆ పిల్లలు నిండు దాణాకి వచ్చాక చూడాలి! వారం వారం కాటా ముల్లు పరుగెత్తింది. పదహారో వారం ఆఖరి తూకం నాటికి రెండు వరుసలకీ మధ్య కిలో తేడా కూడా లేదు. అంతకుముందు పెద్దమ్మ వరుసగా నడుములు తడిమి, "మొదటి వరుస మెత్తబడిపోయింది, రెండో వరుస గట్టిగా ఉంది" అని చెప్పింది. డాక్టరమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

సరిగ్గా ఆ రోజే కేంద్రం పెద్దాయన షెడ్డుకి వచ్చారు. చెడ్డమనిషేం కాదు. కానీ ప్రపంచంలో ఎవరూ చెప్పిన పని చెప్పినట్టు చెయ్యరని ఆయన గట్టి నమ్మకం. రిజిస్టరు తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వారు. "సగం తిని ఇంత ఎదిగాయా? ఈమె జాలిగుండె సంగతి అందరికీ తెలిసిందే. కంచే చేను మేసినట్టుంది వ్యవహారం. ఏమ్మా, దొంగచాటుగా పెట్టావా?"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆవిడ రెండేళ్ళ కష్టం ఆ ఒక్క మాటకి కొట్టుకుపోతుంది. ఆ పక్కన మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్ళ మాట. ఇంకో ఏడాదిలో రిటైర్‌మెంటు. లేదండీ అంటే అయిపోయేది. పెట్టినట్టు రుజువేముంది?

"పెట్టానండీ" అంది పెద్దమ్మ.

ఆఖరి తూకాలు రాసుకోవడానికి వెళ్ళిన నా చేతిలోంచి పలక జారి కిందపడింది.

"పద్నాలుగో నంబరుకి. ఇరవై మూడో రోజు మధ్యాహ్నం. అది నా కోటు గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిలబడింది. మనసాగలేదు. మూడు గుప్పెళ్ళు పెట్టాను. ఆ ఒక్క పిల్లకే, ఆ ఒక్క రోజే. అప్పుడే డాక్టరమ్మకి చెప్పాల్సింది. షెడ్డులోంచి తీసేస్తారని భయమేసి చెప్పలేదు. అదే నా తప్పు. అప్పట్నుంచీ సరిగ్గా ముద్ద దిగడంలేదండీ."

పెద్దాయన రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. "గుప్పెడంటే ఎంత?" అన్నారు. పెద్దమ్మ బస్తాలో చెయ్యి పెట్టి కాటా మీద పోసింది. అరవై. మళ్ళీ పోసింది. అరవై. మూడోసారీ అంతే.

అయినా ఆయన ఒప్పుకోలేదు. ఒక పిల్లకి పెట్టిన చెయ్యి పన్నెండింటికి పెట్టి ఉండదని నమ్మకమేమిటన్నారు. మూడు గుప్పెళ్ళకి నోరు విప్పిన మనిషి మూడొందల గుప్పెళ్ళు దాస్తుందా అని డాక్టరమ్మ వాదించారు. వారం తర్వాత పిల్లల్ని కోశాక నా గదిలో తేలిన అంకెలు కూడా తెచ్చి చూపించారు. రెండో వరుస పిల్లల మూత్రపిండాల చుట్టూ కొవ్వు మొదటి వరుసకంటే మూడోవంతు తక్కువ. కండ మాత్రం దాదాపు సమానం. దొంగతిండి తిని ఉంటే వీటి ఒళ్ళూ మొదటి వరుసలాగే ఉండేది కదా అన్నారు. పెద్దాయన గడ్డం గోక్కుని, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ఈసారి దాణాకి ఇంకో మనిషి, షెడ్డుకి తాళం. పెద్దమ్మకి తల్లిగొర్రెల దొడ్డిలో పని.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దమ్మని నేను నానామాటలూ అన్నాను. "నిన్నెవరు చెప్పమన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు! ఊరుకోలేకపోయావా?"

"తడుముకోలేదే, భుజం మీద గుమ్మడికాయ ఉంటే దించాను" అంది. పెదనాన్న ఆ పూట ఎంత వడ్డించినా తినలేదు. ఆయన కంచంలో అన్నం మిగలడం నేను చూసింది అప్పుడే.

తర్వాతి ఈతలో పుట్టిన పిల్లలు పెద్దమ్మ చేతికిందే పాలు తాగి, మొదటి దాణా గింజలు కొరికి పెరిగాయి. పాలు మానగానే ఇరవై నాలుగింటిని ఏరి షెడ్డులో పెట్టి తాళం వేశారు. చిక్కేమిటంటే దొడ్డికి వెళ్ళే దారి ఆ షెడ్డు ముందునుంచే. ఒకరోజు పొద్దున్నే నేను వస్తుంటే, పెద్దమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, షెడ్డు వెనక కంకర రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో నడుస్తోంది.

"ఇదేం ఖర్మ పెద్దమ్మా? నిన్నెవరైనా ఈ దారిన రావద్దన్నారా?"

"ఎవరంటారే? చెప్పుల చప్పుడు వింటే నేననుకుని లేస్తాయి. లేచి అరుస్తాయి, తొట్టి దగ్గర తొక్కులాడతాయి. తినేదే సగం, అదీ అరుపులకి ఖర్చయిపోతే ఎలా? డాక్టరమ్మ లెక్క చెడుతుంది."

తన మాట నమ్మకుండా పెట్టిన పరీక్ష అది. దాన్ని తన అడుగుల చప్పుడు కూడా తాకకుండా కాపాడుకుంటూ వచ్చింది. పదహారు వారాలు, రోజుకి రెండుసార్లు, ఆ కంకర మీద. దానికి నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. ఆ రోజు మాత్రం, "కాళ్ళు పుళ్ళు పడతాయి, చూసుకో" అని మాత్రమే అనగలిగాను.

రెండోసారీ అదే తేలింది. వెనకబడ్డ పిల్లలు అందుకున్నాయి, కొవ్వు తక్కువతో అందుకున్నాయి. మొదటిసారి అంకెలకీ రెండోసారి అంకెలకీ ఉన్న తేడా గుప్పెడంత కూడా లేదు. పెద్దాయన రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా చూశారట. తర్వాత సంతకం చేశారట.

పెద్దమ్మ రిటైరైన రోజు దాణా గది ముందు నాలుగు కుర్చీలు వేశారు. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొజ్జ లోపలికి లాగి కూర్చున్నాడు. డాక్టరమ్మ అచ్చయిన రిపోర్టు పట్టుకొచ్చారు. "ఇందులో మీ గురించి ఒక వాక్యం ఉందమ్మా" అని, ఒక పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివారు: "మొదటి పరీక్షలో పద్నాలుగో నంబరు పిల్లను లెక్కలోంచి తీసివేశాం. ఇరవై మూడో రోజున దానికి సుమారు నూట ఎనభై గ్రాముల దాణా అదనంగా అందినట్టు దాణా పెట్టిన మనిషి స్వయంగా చెప్పారు. ఆమె మాటను నమ్మాం."

పెద్దమ్మ ఇంకోసారి చదవమంది. రెండోసారి విని, పైటకొంగు అడ్డం పెట్టుకోకుండానే అందరి ముందూ ఏడ్చింది. పెద్దాయన నేల చూపులు చూశారు. తేరుకున్నాక, "డాక్టరమ్మా, ఒక్క మాట" అంది. "సుమారు అని ఎందుకు రాశారు?"

అందరికంటే ముందు నవ్వింది పెద్దాయనే. జేబులోంచి కలం తీసి, ఆ రిపోర్టు అందుకుని, 'సుమారు' అన్న మాట ఆయనే కొట్టేశారు.

ఆ వారమే పెద్దమ్మ చేతికింద పెరిగిన కొత్త పిల్లల్ని షెడ్డులోకి మార్చారు. పరీక్ష ఇంకా మొదలు కాలేదు. నేను సంచీ సర్దుతుంటే పెద్దమ్మ లేచి, అలవాటుగా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక దారి వైపు ఒకసారి చూసింది. తర్వాత చెప్పులు కింద పడేసి, కాళ్ళకి తొడుక్కుని, షెడ్డు ముందు దారిన నడిచింది, టపటపమంటూ.

లోపల ఇరవై నాలుగు పిల్లలూ లేచి అరిచాయి.