పిల్లి తిన్నాకే నేను

నా చిన్నప్పుడు నా పళ్లెంలోని అన్నం నాకంటే ముందు ఒక పిల్లి తినేది. దాని మీద ప్రేమతో పెట్టానని అనుకునేరు. నా అన్నంలో ఏమైనా కలిపారో లేదో తెలుసుకోవడానికి పెట్టేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లకు అంత అనుమానం ఏమిటంటే ఏం చెప్పను? ఈ వయసులో కూడా కొత్తచోట పాలిస్తే వాసన చూడనిదే తాగను.

సిరిసిల్లలో మాది నేత ఇల్లు. కరెంటు సాంచాల, అంటే మరమగ్గాల, మోత అప్పటికింకా మా వాడకు రాలేదు. ముందుగదిలో రెండు గుంట మగ్గాలుండేవి. ఒకదాని మీద మా బాపు, అంటే మా నాన్న, నేసేవాడు. మా తాతయ్య పోయాక రెండోది ఖాళీగా ఉండిపోయింది. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఆ గుంటలో చారల పిల్లి ఒకటి కాపురం పెట్టింది. మనిషి అలికిడైతే చాలు, బుస్సుమనేది. ఒకసారి బాపు చెయ్యి పెట్టబోతే మోచేతి దాకా గీరి వదిలింది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. ఏడాది తిరిగాక బాపు కోరుట్ల నుంచి రెండో భార్యను, మా చిన్నమ్మను, చేసుకొచ్చాడు. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. వచ్చిన మర్నాడే అమ్మ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. కండెలు చుట్టకపోతే మగ్గం ఆడదు, అది నాకూ తెలుసు. అయినా ఆ రాట్నం ఆమె చేతిలో తిరుగుతుంటే నా కడుపు మండిపోయేది.

ఆ మంటకు ఇంత నూనె పోసింది మా పక్కింటి పెద్దమ్మ. చెడ్డది కాదు. అమ్మకు ప్రాణస్నేహితురాలు, నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చిన మనిషి. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటారు. పెద్దమ్మ నా తల నిమురుతూ, "మీ అవ్వ ఉన్నట్టు కాదిగ. గామె ఏం వెట్టినా జర సూస్కోని తిను బిడ్డా. మందు వెడితే మనిషి లోపల్లోపల్నే ఎండుకపోతది," అంది. మందు పెట్టడమంటే గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి మనిషిని కొద్దికొద్దిగా కరగదీయడం. కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు, నమ్మనివాళ్లూ లేరు. నేనైతే ఆ క్షణం నుంచే నమ్మేశాను.

ఆకలి లేదని లేచిపోవడం, బాపు పళ్లెంలో మిగిలింది తినడం, బడి నుంచి వస్తూ పెద్దమ్మ ఇంట్లో దూరడం, ఇదే నా తిండి. నెల తిరిగేసరికి నా గౌను భుజాల మీద నుంచి జారిపోసాగింది. అదిగో ఎండుకుపోతోంది అని పెద్దమ్మ భయపడింది. తినక ఎండుతున్నానని నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

ఆ రోజుల్లోనే పిల్లి పాలగిన్నె బోర్లించింది. దాన్ని గోనెసంచిలో వేసి మానేరు వాగు అవతల వదిలేస్తానని బాపు లేచాడు. చిన్నమ్మ ఆయనకు ఎదురు చెప్పడం నేను మొదటిసారి విన్నాను. "ఎలుకలు పడుగు నూలు కొరుకుతున్నయి గద. దానికి వెట్టిన గంజి వాసనకు ఇంకా అస్తయి. పిల్లిని ఉండనియ్యి, నేను మచ్చిక జేస్త," అంది. బాపు తన మోచెయ్యి చూపించి నవ్వి ఊరుకున్నాడు.

ఆమె మచ్చిక చేసే తీరు చూస్తే నా అనుమానం ఇంకా ముదిరింది. సత్తు పళ్లెంలో పాలన్నం కలిపి గుంట పక్కన పెట్టేది. తర్వాత గది చివరికి పోయి, పిల్లికి వీపు తిప్పి కూర్చుని కండెలు చుట్టుకునేది. పిలిచేది కాదు, తిరిగి చూసేది కాదు. రోజూ ఆ పళ్లేన్ని జానెడు తనవైపు జరిపేది. అన్నం పెట్టి మొహం చాటేయడమేమిటి? తప్పు చేసినవాళ్లు కదా మొహం దాచుకునేది! పరుగెత్తుకుపోయి పెద్దమ్మకు చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "ముందుగాల పిల్లి మీద సూస్తున్నదేమో బిడ్డా," అంది.

ఆ మాటతో నాకు ఒక ఉపాయం తోచింది. పిల్లి మీద ఆమె చూస్తే నేనూ చూడొచ్చు కదా. అప్పటి నుంచి చిన్నమ్మ నాకు వడ్డించగానే పళ్లెం పట్టుకుని మగ్గాల గదిలోకి పోయేదాన్ని. నా అన్నంలో ఒక ముద్ద పిల్లి పళ్లెంలో వేసి, గోడకు ఆనుకుని వంద అంకెలు లెక్కపెట్టేదాన్ని. పిల్లి తిని, మూతి నాక్కుని, ఇంకా బతికే ఉంటే నేను తినేదాన్ని. పచ్చిపులుసు చేసిన రోజు అది వాసన చూసి మొహం తిప్పుకునేది. ఆ పూట నాకూ ఉపవాసమే. నాలుగు రోజులు పోయాక పచ్చిపులుసు నాడు కూడా నా పళ్లెంలో పాలన్నమే కనబడింది. బాపుకొకటి, నాకొకటి ఎందుకు పెడుతున్నట్టు? దానికీ ఒక కారణం అల్లుకున్నాను. నేను చేస్తున్నదంతా ఆమె కనిపెట్టిందని, పిల్లి తినేది వండితేనే నేను తింటానని తెలుసుకుందని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ లోపల పిల్లికి నేనంటే భయం పోయింది. నాకూ గౌను సరిపోవడం మొదలైంది.

ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని పిల్లికి పెట్టకుండానే గబగబా తినేసి పోయాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే పొద్దున చిన్నమ్మ పిల్లికి పెట్టిన అన్నం దాని పళ్లెంలో అలాగే ఎండిపోయి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. పిల్లి జాడ లేదు. గుంటలోకి వంగి చూసే ధైర్యం నాకు లేదు. నిన్న తిన్నదానికే పిల్లి చచ్చిపోయింది, ఇక నా వంతు అనుకున్నాను. వీధిలోకి పోయి, చిన్నమ్మ మందు పెట్టిందని గొంతు చించుకుని అరిచాను.

వాడంతా వచ్చింది. పెద్దమ్మ నన్ను చంకనేసుకుని శాపనార్థాలు మొదలుపెట్టింది. బయట నూలు ఆరేస్తున్న బాపు వచ్చి ఆ పళ్లేన్ని చూశాడు, నన్ను చూశాడు. అందరి ముందూ ఆమెతో, "ఏం గలిపినవో చెప్పు. లేకుంటె ఇప్పుడే కోరుట్ల బస్సెక్కు," అన్నాడు.

చిన్నమ్మ ఏడవలేదు, ఒట్టు పెట్టుకోలేదు. రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చి గుంట పక్కన కూర్చుంది. పిల్లి పళ్లెం దగ్గరికి లాక్కుని, ఈగలను తోలి, ఆ ఎండిన అన్నాన్ని ముద్ద చేసుకుని తిన్నది. మెతుకు మిగల్చకుండా తిన్నది. అంతమంది ఉన్నా ఆమె నమిలే చప్పుడు ఒక్కటే వినిపించింది. తినేసి కొంగుతో మూతి తుడుచుకుని, "సూడుండ్రి. నేనీడనే కూసుంట," అంది.

అందరూ నిలబడి ఆమెనే చూస్తున్నారు. అంతలో గుంటలోంచి సన్నగా కీచుమన్న చప్పుడొచ్చింది. బాపు దీపం తెచ్చి వంగి చూశాడు. పాత నూలుపోగుల కుప్ప మీద పిల్లి పడుకుని ఉంది, దాని పొట్టకు కరుచుకుని మూడు కూనలు. ఈనిన పిల్లి అన్నానికి రాలేదు, అంతే సంగతి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దమ్మ నన్ను కిందికి దించి, కొంగు సర్దుకుని తన ఇంటికి పోయింది. బాపు మగ్గంలోకి దిగి ఉత్తినే కూర్చున్నాడు.

చిన్నమ్మ మళ్లీ రాట్నం దగ్గరికి పోయి మాకందరికీ వీపు తిప్పి కూర్చుంది. ఈసారి ఆ వీపు వణుకుతోంది.

పిల్లి కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మా వాడలో అనుకునేవారు. ఇది మాత్రం మూడో రోజు ఒక్కో కూనను మెడ పట్టుకుని తెచ్చి చిన్నమ్మ పక్కనున్న కండెల గంపలో పడుకోబెట్టింది. మూడింటినీ చేర్చాక తనూ అందులోనే ముడుచుకుంది. ఆ తర్వాత గుంటలోకి తిరిగి పోలేదు, మా ఇంటి పిల్లి అయిపోయింది. గంప ఇచ్చేసి చిన్నమ్మ కండెలను ఒళ్లో పోసుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె పెట్టిన అన్నం తీసుకుపోయి, ఆమె వీపుకు నా వీపు ఆనించి కూర్చుని తిన్నాను. వాసన చూడలేదు. రాట్నం కాసేపు ఆగి మళ్లీ తిరిగింది.

తప్పయిందని ఆమెతో నేను ఎన్నడూ అనలేదు. ఆమె ఆ రోజు ఊసు ఎన్నడూ ఎత్తలేదు. అంతమందిలో ఆమె చేత పిల్లి పళ్లెంలోది తినిపించిన పిల్లను నేను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది, పోవాలని కోరుకోవడమూ లేదు.

ఇప్పుడు ఆమె జగిత్యాలలో నా దగ్గరే ఉంది. ఎనభై దాటాయి. ఏడాదిగా మనుషులను గుర్తుపట్టడం లేదు. పళ్లెం తోసేసి, "గిండ్ల మందు కలిపిండ్రు," అంటుంది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నా కోడలు కళ్లనీళ్లు పెట్టుకుని, "నేనేం జేసిన అత్తమ్మా?" అని అడిగింది. నువ్వేం చేయలేదమ్మా అని ఆమెను పంపేసి, అన్నం నేను పట్టుకుపోయాను.

రోజూ చిన్నమ్మ చూస్తుండగా ముందు నేను ఒక ముద్ద తింటాను. పళ్లెం మంచం మీద పెట్టి, వీపు తిప్పి కింద కూర్చుంటాను. మొదట్లో గడప దగ్గర కూర్చునేదాన్ని. జానెడు జానెడు జరుగుతూ ఈ నెలకు మంచం పట్టె దాకా వచ్చాను. నేను ఎదురుచూస్తూ కూర్చుంటాను. తర్వాత పళ్లెంలో వేళ్లు కదులుతాయి.

నిన్న తినడం అయిపోయాక ఒక తడి చెయ్యి నా భుజం మీద పడింది. తిరిగి చూస్తే తీసేస్తుందేమోనని నేను తిరగలేదు.