నాన్న కారుకి నేను బిగించిన సిలిండర్

పన్నెండేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. మా నాన్న ఒక ప్రశ్న అడిగితే నేను చెప్పిన జవాబు అది. అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అయినా మీతో చెప్పాలనిపిస్తోంది. నన్ను మంచిదాన్ని చేసి చెప్పకుండా, జరిగింది జరిగినట్టు.

మా నాన్న ప్రత్తిపాడులో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘ పెద్ద. రిటైరయ్యాక పాత టర్బో డీజిల్ కారు ఒకటి కొన్నారు. తెల్లది. అది మా ఇంటి కారంటే సగమే నిజం. ఆదివారం ముసలివాళ్ళని చర్చికి చేర్చేది అదే, కాన్పులకీ జ్వరాలకీ గుంటూరు ఆసుపత్రికి పరిగెత్తేదీ అదే. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే పుల్లని పాత పంచె ముక్కతో తుడిచి చూసేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే, పత్తి చేల మధ్య మట్టిబాటల మీద. గేరు మార్చేటప్పుడు కీచుమంటే, "మెల్లగా అమ్మా, దానికీ నొప్పి ఉంటుంది" అనేవారు.

అలాంటి కారుకి నేనేం చేశానో చెప్పాలి.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, గుంటూరులో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో చేరాను. అక్కడ ఒక్కరూ నన్ను స్పానర్ పట్టనివ్వలేదు. "మీరు కస్టమర్లతో మాట్లాడండి మేడమ్, చాలు" అనేవాళ్ళు. నాతో పనిచేసే ఒంగోలు అబ్బాయి ఒకడు తన కారుకి ఏవేవో మార్పులు చేసి, సెలవు రోజుల్లో కొత్తపట్నం రోడ్డు మీద స్నేహితులతో పందేలు కట్టేవాడు. నేనూ వస్తానంటే నవ్వాడు. "మాస్టారి కారేసుకునా? అది స్కూలు బెల్లు కొడితేగానీ కదలదుగా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు చెప్పినా మీకు చిన్న విషయంలాగే ఉంటుంది. నాకూ అలాగే ఉంది. అంత చిన్న విషయానికా?

పాత నైట్రస్ సామాను ఒకటి సంపాదించాను. నైట్రస్ ఆక్సైడ్ అంటే ఒక గ్యాసు. ఇంజన్ లోపలికి వెళ్ళి ఆ వేడికి విడిపోయి, మామూలు గాలి ఇచ్చేదానికంటే ఎక్కువ ఆక్సిజన్ ఇస్తుంది. దానికి తగ్గట్టు డీజిల్ కూడా పెంచితే మంట పెరుగుతుంది, బండి ఎగిరి దూకుతుంది. టర్బో ఉన్న ఇంజన్ అప్పటికే గాలిని బలవంతంగా మింగుతూ ఉంటుంది. దానిమీద ఇదీ తోడైతే లోపలి ఒత్తిడిని పాత ఇంజన్ తట్టుకోలేకపోవచ్చు. ఇది నాకు తెలియదని అనలేను. చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా.

సర్వీసింగ్ చేయిస్తానని నాన్నకి చెప్పి కారు తీసుకెళ్ళాను. డిక్కీలో స్టెప్నీ పక్కన సిలిండర్ బిగించాను. టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్ళే గొట్టానికి రంధ్రం చేసి గ్యాసు చిమ్మే నాజిల్ పెట్టాను. స్టీరింగ్ కింద ఒక బటన్. అన్నీ నా చేతులతోనే. ఆ పని చేస్తున్నంతసేపూ సంతోషంగా ఉన్నాను. అదీ దాచను.

శనివారం పొద్దున కొత్తపట్నం రోడ్డు. సముద్రం గాలి, ఎండు చేపల వాసన. మొదటిసారి బటన్ నొక్కగానే ఎవరో వీపు మీద రెండు చేతులూ పెట్టి తోసినట్టయింది. గెలిచాను. అక్కడితో ఆగితే ఏమయ్యేదో! రెండోసారి గ్యాసు ఇంకాస్త పెంచాను. మళ్ళీ గెలిచాను. ఎవరూ నవ్వలేదు.

తిరిగి వస్తుంటే వేడి చూపించే సూది ఎప్పుడూ ఉండే చోటుకంటే కొంచెం పైన ఉంది. గుంటూరు చేరి, సామాను మొత్తం విప్పేసి, రంధ్రానికి బోల్టు బిగించి, రేడియేటర్ చూశాను. నీళ్ళు తగ్గాయి. ఎందుకు తగ్గాయో తెలుసు. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచని గ్యాస్కెట్ దెబ్బతిని ఉండాలి. విప్పి చూస్తే రెండు రోజులు పడుతుంది, నాన్న అడుగుతారు. నీళ్ళు పోశాను. మూత పెట్టాను. ఇంటికి తెచ్చి తాళాలు ఆయన చేతిలో పెట్టాను. "బాగా చేశారా అమ్మా?" అంటే తల ఊపాను.

మంగళవారం పొద్దున, మిరప కోతల్లో ఉండగా, మా వీధిలో ఉండే సువార్తమ్మ చేలోనే కూలబడిపోయింది. మూతి పక్కకి పోయింది, కుడి చెయ్యి వాలిపోయింది. రెండు చేతులతోనూ కాయ తెంపే మనిషి. కోతల్లో ఆమె సాలుకి పోటీ వచ్చేవాళ్ళు లేరు. నాన్న ఆమెని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె కొడుకు దానియేలుని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. అద్దంలో ఆమె ముఖం చూస్తూ, ప్రార్థన చేస్తూ, ఎప్పుడూ తోలనంత వేగంగా తోలారట. సూది చూసుకోలేదు. గుంటూరు ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా బానెట్ కింద నుంచి పొగలా ఆవిరి లేచి కారు ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ముప్పావుగంట.

ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. "ఇంకాస్త ముందు తెస్తే బాగుండేది" అన్నాడు డాక్టరు. ముందు తెస్తే చెయ్యి వచ్చేదా? ఆయన వస్తుందనలేదు, రాదనలేదు. ఆ రెంటి మధ్యే పన్నెండేళ్ళు ఉన్నాను.

నాలుగు రోజుల తర్వాత నాన్న నన్ను పిలిచారు. వరండాలో నిలబడి ఉన్నారు, కూర్చోలేదు.

"నువ్వు ఇంజినీరువి. నీకు తెలుస్తుంది. నిజం చెప్పమ్మా, నేను సూది చూసుకోకుండా తోలబట్టేనా ఇంజన్ పోయింది?"

చెప్పడానికి అదే సమయం. అంతకంటే మంచి సమయం ఏ మనిషికీ దొరకదు. ఆయనే తలుపు తీసి నిలబడ్డారు.

"అవును నాన్నా" అన్నాను. "వేడెక్కినప్పుడే ఆపాల్సింది."

ఆయన తల ఊపారు. "అంతే అయ్యుంటుంది" అన్నారు.

మళ్ళీ ఆయన స్టీరింగ్ పట్టుకోలేదు. కారుని పాత ఇనుము వాళ్ళు లాక్కుపోతుంటే గుమ్మంలోకి కూడా రాలేదు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం సువార్తమ్మ ఇంటికి నడిచి వెళ్ళేవారు. ఆమె కుడి చేతికి కొబ్బరినూనె రాసి, ఒక్కో వేలూ తెరిచి మూసేవారు. ఆదివారం ఆమె చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించేవారు. చూసినవాళ్ళు "మాస్టారిది ఎంత మంచి మనసు" అనేవాళ్ళు. ఆయన ఎందుకలా చేస్తున్నారో నాకొక్కదానికే తెలుసు. ఆ వేళ్ళు నేను తెరవాల్సినవి. ఆ చెయ్యి నేను పట్టుకోవాల్సింది. సువార్తమ్మ నన్నెప్పుడు చూసినా ఎడమ చేత్తో నా బుగ్గ తడిమి "పాపా, చిక్కిపోయావే" అనేది. నిలబడి తడిమించుకునేదాన్ని.

పోయిన నెల సువార్తమ్మ చనిపోయింది. చర్చిలో కూడిక జరుగుతుండగా నాన్న లేచి నిలబడ్డారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. "నా అజాగ్రత్త వల్ల ఈ తల్లి చెయ్యి పోయింది. దానియేలూ, నన్ను క్షమించు నాయనా" అని అందరి ముందూ చేతులు జోడించారు. దానియేలు పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకుని, "ఊరుకోండి మాస్టారూ, మీరేం చేశారు!" అని ఏడ్చాడు. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఉన్నాను. లేవలేదు. కాళ్ళు రాలేదని చెప్పుకుంటే తేలికగా ఉంటుంది. కాళ్ళు బాగానే ఉన్నాయి.

మొన్న ఆదివారం చెప్పాను. వరండాలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, సిలిండర్ దగ్గర నుంచి మొదలుపెట్టి, నీళ్ళు పోసి మూత పెట్టడం దాకా. మధ్యలో ఆయన ఒక్కటే అడిగారు.

"నేను సూది చూసుకునుంటే?"

"చూసినా, చూడకపోయినా ఆ కారు ఆరోజు గుంటూరు చేరేది కాదు నాన్నా."

తన చేతుల వైపు చూసుకున్నారు. నూనె రాసిన చేతులు. తర్వాత, "సువార్తమ్మ ఉండగా చెప్పాల్సింది" అన్నారు. ఎప్పుడూ మాట చివర ఉండే "అమ్మా" లేదు. "దానియేలుకి నువ్వే చెప్పు. నేను రాను."

వెళ్ళాను. దానియేలు నిలబడే విన్నాడు. నన్ను చిన్నప్పటి నుంచి "అక్కా" అనేవాడు. "చెప్పారుగా. ఇక వెళ్ళండి" అన్నాడు. తలుపు వేసుకోలేదు. నేను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంటికొచ్చాక నాన్నకి అన్నం పెట్టాను. నా వైపు చూడలేదు. కాసేపయ్యాక పెరుగు గిన్నె నా వైపుకి జరిపారు. దాంతో క్షమించారని అనుకోవడం లేదు. అలవాటు కొద్దీ జరిపి ఉండొచ్చు. పన్నెండేళ్ళ తర్వాత, ఏదీ దాచకుండా ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.